రెండో మందు

జూలై 9

పొద్దున గుడ్లు ఏరుతూ పెద్దక్క కేకేసింది. "పిల్లా, ఇలా రా. నా చెయ్యి నడుస్తోంది."

వెళ్ళి చూస్తే మణికట్టు మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు. చూస్తుండగానే మోచేతి వైపు పాకుతున్నాయి. కోళ్ళకి పట్టే నల్లి. మూడో వరసలో ఒక కోడిని బయటికి తీసి, తోక ఎత్తి, ఈకల్లోకి ఊదాను. గుడ్డు వచ్చే చోటు చుట్టూ ఈకల మొదళ్ళు మసి పట్టినట్టున్నాయి. పక్క కోడిదీ అంతే. దాని పక్కదీ అంతే.

ఈ షెడ్డులో పదిహేడేళ్ళు. అందులో పదకొండేళ్ళు సూపర్‌వైజరుగా. చూడాల్సింది నేను. చూసింది నాకీ పని నేర్పిన అరవై ఏళ్ళ మనిషి, అదీ కళ్ళజోడు లేకుండా.

కోళ్ళ డాక్టరు గారు మధ్యాహ్నానికే వచ్చారు. "రెండుసార్లు కొట్టాలమ్మా. మొదటి మందు తిరుగుతున్నవాటికి. నల్లి గుడ్లకి మందు ఎక్కదు. అవి పగిలి, పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టేలోపు రెండో మందు పడాలి. వారం, సరిగ్గా వారం. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే కొట్టనట్టే."

పెద్దక్క చెయ్యి చాపి చూపించింది. "ఇంట్లో రెణ్ణెల్ల మనవడున్నాడు డాక్టరు గారూ. నా నుంచి వాడికి..."

"ఇవి మనిషి మీద బతకవు పెద్దమ్మా. కుడతాయి, పోతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదిది. ఇంటికెళ్ళి స్నానం చేసి, బట్టలు వేడినీళ్ళలో పడేసి, మనవణ్ణి ఎంతసేపైనా ఎత్తుకో."

జూలై 10

మొదటి మందు అయింది. ఆరువేల కోళ్ళు, ఎనిమిది వరసలు. మందు పైనుంచి చల్లితే ఈకల మీద జారిపోతుంది. కింద నుంచి, గట్టి ధారతో, చర్మం తడిసేదాకా కొట్టాలి. అందుకని రోజంతా నడుం వంచే పని. పెద్దక్క వెనకే నడుస్తూ ఒక్కో బోనులో తోకలు ఎత్తి చూసి, "ఇది తడవలేదు, మళ్ళీ కొట్టు" అంటుంది. మాస్కు లోపల కూడా నోరు ఆగదు. "తోక ఎత్తితే వీటికి ఎంత రోషమో చూడు. మా అత్తగారు కూడా నన్నిన్ని తిట్లు తిట్టలేదు."

నాలుగయ్యేసరికి చేతులు కడుక్కుని పరిగెత్తింది. మనవడికి స్నానం ఆవిడే చేయించాలట. వేరేవాళ్ళు చేయిస్తే ఏడుస్తాడట. వేరేవాళ్ళెవరో అంత చిన్నవాడికెలా తెలుసు అంటే, "మా ఇద్దరి మధ్యా ఒప్పందం ఉందిలే" అంది.

జూలై 13

తెల్లకాగితం మీద పది కోళ్ళ ఈకలు దులిపాను. ఒక్క నల్లీ లేదు.

ఓనరు గారు కొత్త షెడ్డు పని చూడ్డానికి వచ్చి, "రెండిటికీ కలిపి ఒక్కరే ఇన్‌చార్జి ఉంటే బాగుంటుందని చూస్తున్నా" అని నా వైపు చూసి వెళ్ళారు. ఊరికే అలా చూశారేమో. కాదేమో.

జూలై 17

వాన. తడి కోళ్ళకి ఈ చలిగాలి తగిలితే దగ్గు పట్టుకుంటుంది. రేపు కొడదాం.

జూలై 18

పంపులో వాషరు పోయింది. మెకానిక్కు సోమవారం అన్నాడు. పెద్దక్క కూడా నిన్నట్నుంచీ లేదు, మనవడికి టీకా వేయిస్తే జ్వరం వచ్చిందని ఆరు రోజుల సెలవు.

జూలై 19

ఇవాళ ఇరవై కోళ్ళు చూశాను. కాగితం తెల్లగా ఉంది. అంత తెల్లగా ఉంటే ఇంక తొందరేముంది.

జూలై 20

ఎల్లుండి గుడ్లు కొనే కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. ఇప్పుడు మందు కొడితే షెడ్డంతా తడి, వాసన. కోళ్ళు బెదిరి రెండ్రోజులు గుడ్లు తగ్గిస్తాయి. వాళ్ళు మొదట అడిగేది మందుల రిజిస్టరే. వెళ్ళిపోయాక ఎలాగూ కొట్టిస్తాను. ఎలాగూ చేసే పనే కదా అని 17వ తారీఖు గడిలో "రెండో మందు - అయింది" అని రాసి సంతకం పెట్టాను.

ముందు రాశాను, తర్వాత చేస్తాను. అంతే తేడా.

జూలై 21

పంపు బాగుచేసి తెచ్చాడు.

జూలై 22

తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. కంపెనీ ఆయన రిజిస్టరు తిరగేస్తూ, "మందులు టైముకే పడుతున్నాయే" అన్నాడు. డాక్టరు గారు నవ్వి, "ఈవిడ రాసిందంటే జరిగినట్టే" అన్నారు. ఓనరు గారు నా భుజం మీద తట్టినంత పని చేశారు.

17 రాత్రి బయటి మనుషులతో కొట్టించానని పనివాళ్ళకి చెప్పాను. ఇప్పుడు కొట్టిస్తే అడుగుతారు, మళ్ళీ ఎందుకని. మూడోసారా అని.

జూలై 23

పెద్దక్క వచ్చింది. చెయ్యి కడుక్కుంటూ అడిగింది, "రెండోది కొట్టేశారా పిల్లా?"

"కొట్టేశాం."

"వానలోనా?"

"తెరిపిచ్చాక."

"పోన్లే, పీడా వదిలింది" అంది.

ఆగస్టు 1

రెండు షెడ్లకీ ఇన్‌చార్జిని. తాళంచెవుల గుత్తి ఇంత బరువుంది. మా ఆయన కొత్త చెప్పులు కొన్నాడు, రెండు షెడ్ల మధ్య తిరగాలి కదా అని.

ఆగస్టు 6

పెద్దక్క మెడ గీరుకుంటోంది. మెడ, మోచేతుల మడతలు, నడుము దగ్గర ఎర్రటి పొక్కులు. "వారం నుంచీ ఇదే" అంది. సబ్బు మార్చావా అని అడిగాను. పిల్లాడి కోసం కోడలు ఏదో కొత్త సబ్బు తెచ్చిందట, అదే వాడుతోందట. "అదే అయ్యుంటుంది. ఆపెయ్యి" అన్నాను.

అదే అయ్యుంటుంది.

ఆగస్టు 7

అందరూ వెళ్ళాక మూడో వరస చూశాను. నలుపు. ఐదో వరస కూడా.

ఆగస్టు 8

చేతిపంపుతో మూడు, ఐదు వరసలకి నేనే కొట్టాను. కాపలా అతను అడిగితే బోనులు కడుగుతున్నానన్నాను. వెనక ఎవరూ తోకలు ఎత్తి చూడరు కదా, ఎంత తడిసిందో ఎంత తడవలేదో తెలీదు. ఒక్కదాన్నే ఆరువేలకి కొట్టలేను. కానీ రోజుకి రెండు వరసలు చొప్పున అయితే నాలుగు రోజులు. ఎవరికీ తెలియక్కర్లేదు.

ఆగస్టు 9

నడుం లేవలేదు. కొట్టలేదు.

ఆగస్టు 11

సబ్బు మానేసినా తగ్గలేదట. కోడలు భయపడుతోందట. నిన్న మనవణ్ణి ఎత్తుకోబోతే, "అత్తయ్యా, అది తగ్గేదాకా కొంచెం ఆగండి" అని వాణ్ణి లోపలి గదిలోకి తీసుకుపోయిందట.

"దాని తప్పేం లేదు పిల్లా. నేనైనా అదే పని చేసేదాన్ని. అడిగింది కూడా, మీ షెడ్డులో పురుగుందా అత్తయ్యా అని. లేదే తల్లీ, మావాళ్ళు రెండుసార్లు మందు కొట్టారు అని చెప్పాను."

నేను ట్రేలు లెక్కపెడుతున్నాను. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను.

ఆగస్టు 14

క్లినిక్కుకి వెళ్ళొచ్చింది. గజ్జి అన్నారట. అక్కడ డాక్టరూ అడిగాడట, పురుగులున్న చోట పని చేస్తావా అని. కోళ్ళ షెడ్డు, కానీ మందు కొట్టి శుభ్రంగా ఉంది అని చెప్పిందట. అయితే గజ్జే, ఇంట్లో అందరికీ అంటుతుంది, దుప్పట్లు తువ్వాళ్ళు వేరు పెట్టు అన్నాడట. కొడుకు వరండాలో మంచం వేశాడు. కంచం, గ్లాసు కూడా వేరు.

"వరండాలో గాలి బాగా వస్తుంది" అంది నవ్వుతూ. తర్వాత, "స్నానానికి మాత్రం ఏడుస్తున్నాడు. గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉంటుంది" అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. అంతలో మేత లారీ హారను కొట్టింది.

లారీ పది నిమిషాల్లో వెళ్ళిపోయింది.

ఆగస్టు 15

చెప్పాలి.

ఆగస్టు 16

పెద్దక్కకి చెబితే డాక్టరు గారికి తెలుస్తుంది, ఓనరు గారికి తెలుస్తుంది. పెద్దక్క చెప్పదు. చెప్పొద్దంటే అసలే చెప్పదు. కానీ ఇంట్లో చెప్పాలి కదా, కోడలికి చెప్పాలి. కోడలు ఊరుకుంటుందా.

ముందు నల్లి పోగొట్టేస్తే పొక్కులు వాటంతటవే పోతాయి. అప్పుడు గజ్జి మందు పని చేసిందనుకుంటారు. ఎవరికీ ఏమీ నష్టం లేదు.

ఆగస్టు 19

భోజనాల దగ్గర పెద్దక్క పక్కన ఎవరూ కూర్చోలేదు. తనే డబ్బా పట్టుకుని మోటారు గది మెట్ల మీదికి వెళ్ళింది. తర్వాత ముగ్గురు నా దగ్గరికొచ్చారు. మాకూ దురదలు మొదలయ్యాయి, ఆవిడే అంటించింది, ఆవిడ్ని వేరే పనికి మార్చండి అని.

మార్చాను. ట్రేలు కడిగే చోటికి. అక్కడైతే కోళ్ళకి దూరం, కుట్టేవి తక్కువ ఉంటాయి, ఆవిడ మంచికే అనుకున్నాను. అదే చెప్పాను కూడా: "నీ మంచికే పెద్దక్కా."

"నాకు తెలుసు పిల్లా" అంది.

సాయంత్రం కడగని ట్రేల దొంతర ఒకటి ఎత్తి చూశాను. అడుగున కదులుతున్నాయి. గుప్పెళ్ళకొద్దీ.

ఆగస్టు 22

మా ఆయనకి చెప్పాను. కుట్టుమిషను తొక్కుతూ విన్నాడు. విన్నాక మిషను ఆపాడు.

"ఇంతేనా? రేపు పొద్దున్నే చెప్పెయ్యి. నువ్వేమన్నా హత్య చేశావా?"

"నీకేం తెలుసు. పదకొండేళ్ళు పట్టింది నాకా పేరు."

"ఏ పేరు?"

రాసిందంటే జరిగినట్టే, అని చెప్పబోయి ఊరుకున్నాను. అతను మళ్ళీ మిషను తొక్కసాగాడు. ఇంకేమన్నా అనుంటే బాగుండేది. పోట్లాడటానికైనా ఉండేది.

ఆగస్టు 25

ఏడు వరసల్లో ఉంది. గుడ్లు రోజుకి నాలుగు వందలు తగ్గాయి. కోళ్ళ తలల మీద ఎర్ర తురాయిలు పాలిపోయాయి. ఇంక దాచడానికి చేతుల్లో ఏమీ లేదు. డాక్టరు గారికి ఫోన్ చేశాను, "మళ్ళీ వచ్చినట్టుందండీ" అని.

మళ్ళీ వచ్చిందట. పోతే కదా.

ఆగస్టు 27

ఇది మొత్తం రాయాలి.

డాక్టరు గారు పదింటికి వచ్చారు. ఓనరు గారు కూడా. కోడిని పట్టుకుని చూసి డాక్టరు గారి మొహం మారిపోయింది. రిజిస్టరు తెమ్మన్నారు. జూలై 10, జూలై 17, రెండు గడుల మీదా వేలు పెట్టి చూశారు.

"వారం తేడాతో రెండూ పడ్డాయి. అయినా ఇంత పెరిగిందంటే మందుకి లొంగడం లేదన్నమాట. ఇంక వేరేది, ఘాటుది వాడాలి. అది వాడితే గుడ్లు అమ్మకూడదు. లేదా ఈ కోళ్ళని ముందే తీసేసి, షెడ్డు మూడు నెలలు ఖాళీగా ఉంచాలి."

ఓనరు గారు తల పట్టుకున్నారు. షెడ్డు ఖాళీ అంటే గుడ్లు ఏరే తొమ్మిదిమందికీ మూడు నెలలు పని లేనట్టే. వాళ్ళు అక్కడే నిలబడి వింటున్నారు. పెద్దక్క కాస్త దూరంగా, ట్రేల దగ్గర.

డాక్టరు గారు అడిగారు, "రెండోసారి కొట్టినప్పుడు తోకలు ఎత్తి చూసిందెవరు? సరిగా తడిసిందా?"

పెద్దక్కే జవాబు చెప్పింది. "ఆరోజు నేను సెలవండీ. కానీ ఈ పిల్ల దగ్గరుండి కొట్టించింది. ఈమె పని నాకు తెలుసు, నేనే నేర్పాను."

ఆ మాట అంటూ మెడ గీరుకుంటోంది.

"కొట్టలేదు" అన్నాను.

ఎవరికీ వినపడలేదేమో అనుకున్నాను. మళ్ళీ అన్నాను. "రెండో మందు కొట్టలేదు. రిజిస్టరులో ఊరికే రాశాను."

ఓనరు గారు ఏదో గట్టిగా అన్నారు. ఏమన్నారో గుర్తులేదు. డాక్టరు గారు రిజిస్టరు మూసి నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టారు. నేను పెద్దక్కనే చూస్తున్నాను. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపి తిప్పి తిప్పి చూసుకుంటోంది. మణికట్లు, మోచేతి మడతలు.

"అంటే ఇది గజ్జి కాదా డాక్టరు గారూ?"

ఆయన దగ్గరికెళ్ళి చూసి, "కాదు పెద్దమ్మా. ఇవి నల్లి కాట్లే" అన్నారు.

"అంటదా?"

"అంటదు. మొన్ననే చెప్పాను కదా."

"చెప్పారు" అంది. రబ్బరు చేతితొడుగులు తీసి, ట్రేల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. నా ముందు నుంచే నడిచి వెళ్ళింది. తిట్టలేదు. ఎప్పట్నుంచి తెలుసు నీకు అని అడిగితే చెప్పడానికి తారీఖు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. అడగలేదు.

ఆగస్టు 28

మొదటి మందు మళ్ళీ. పైపు నేనే పట్టుకున్నాను. వెనక డాక్టరు గారు స్వయంగా నిలబడి తోకలు ఎత్తించి చూశారు. ఘాటు మందు అక్కర్లేదు, పాతదే సరిగ్గా రెండుసార్లు కొడితే చాలన్నారు. కోళ్ళని తీసేయడం లేదు. ఎవరి పనీ పోలేదు.

తాళాల గుత్తి ఓనరు గారు తీసుకున్నారు. కొత్త షెడ్డుకి వేరే మనిషి వస్తున్నాడు. "పాత షెడ్డులో ఉండు. ఇన్నేళ్ళు చేశావు కాబట్టి" అన్నారు. ఆ జాలి నాకు అక్కర్లేదు అని అనాలనిపించింది. అక్కర ఉంది కనక ఊరుకున్నాను.

పెద్దక్క రాలేదు.

ఆగస్టు 30

వాళ్ళింటికి వెళ్ళాను. ముందు స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని. వరండాలో మంచం లేదు. కోడలు తలుపు తీసింది. చంకలో పిల్లాడు. పెద్దక్క మందుల షాపుకి వెళ్ళిందట.

గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. అత్తయ్య చెప్పలేదా అని అడిగితే, "గజ్జి కాదట, షెడ్డులో పురుగేనట, అని మాత్రం చెప్పారు. మీ పేరు చెప్పలేదు" అంది.

అన్నీ విన్నాక ఆ అమ్మాయి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నేల వైపు చూస్తూ అంది:

"నేనావిడ కంచం వేరుగా కడిగానండీ. చివర్లో, విడిగా, చేతికి కవరు తొడుక్కుని. ఒకసారి వీడి టోపీ కింద పడితే ఆవిడ తీసిచ్చారు. ఆవిడ చూస్తుండగానే దాన్ని చెత్తబుట్టలో పడేశాను. ఇప్పుడావిడ నాతో ఎప్పట్లాగే మాట్లాడుతున్నారు. నాకే ఆవిడ మొహంలోకి చూడటం రావట్లేదు." పిల్లాణ్ణి రెండో చంకకి మార్చుకుని, "మీరు ఒక్క మాట చెప్పుంటే నేనా పని చేసేదాన్ని కాదు. నేను అలాంటిదాన్ని కాదు" అంది.

కాదమ్మా, నువ్వు కాదు, అన్నాను.

నేను చేసింది పెద్దక్కకే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఈ అమ్మాయి లెక్కలోనే లేదు నాకు.

పెద్దక్క వచ్చేదాకా ఆగలేదు. ఆగగలిగేదాన్నే.

సెప్టెంబరు 4

ఏడో రోజు. పొద్దున్నుంచీ సన్నటి తుంపర. షెడ్డుకి రెండు వైపులా పరదాలు దించి, లోపల హీటర్లు పెట్టి కొట్టాం. కుదిరింది. హాయిగా కుదిరింది. ఒక్క కోడికీ దగ్గు రాలేదు.

సెప్టెంబరు 9

డాక్టరు గారు వంద కోళ్ళు చూశారు. లేదు. పనివాళ్ళ దురదలూ తగ్గాయి. పెద్దక్కని తిరిగి పనికి పిలవమని వాళ్ళే అడుగుతున్నారు. "ఆవిడ మీద ఊరికే అన్నాం మేడం, పాపం" అంటున్నారు, నాతో.

ఓనరు గారు ఫోన్ చేస్తే, రానని చెప్పిందట. కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది, పిల్లాణ్ణి చూసుకోవాలి అందట. అదే కారణమై ఉండొచ్చు.

సెప్టెంబరు 13

పెద్దక్క సామాను ఇవ్వడానికి వెళ్ళాను. స్టీలు గ్లాసు, ఒక జత చెప్పులు, చలికోటు. తనే తలుపు తీసింది. చేతుల మీద పొక్కులు మానాయి, మచ్చలు మిగిలాయి.

"రా, కూర్చో" అంది. కూర్చున్నాను. షెడ్డు సంగతులు అడిగింది. గుడ్లు పెరిగాయా, మూడో వరసలో ఆ కుంటి కోడి ఉందా, మోటారు ఇంకా అరుస్తోందా. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆవిడ అడిగేవి అయిపోతే నేను అనాల్సింది అనాలి. అందుకని జవాబులు పొడుగ్గా చెప్పాను.

చివరికి అన్నాను. "పెద్దక్కా, నన్ను..."

"పాలు పొంగుతాయి, ఉండు" అని లేచి, పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళింది. పాలు పొంగే వాసనేమీ రాలేదు నాకు. వాడు నా మొహంలోకి చూసి, ఏం తోచిందో, కిలకిలా నవ్వాడు. ఎవరి దగ్గరైనా నవ్వే వయసు.

ఆవిడ తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంది.

"బాగా నవ్వుతున్నాడే" అన్నాను.

"నవ్వుతాడు. మొదటిసారి కిలకిలా నవ్వింది వాళ్ళమ్మ దగ్గర. స్నానం చేయిస్తుంటే." వాడి కాలి మేజోడు సర్దింది. "నేను వరండాలో ఉన్నాను. నవ్వు వినపడింది. ఏదో పక్కింటి పిల్లాడనుకున్నాను ముందు. తర్వాత తెలిసింది, మనవాడే అని."

కోపంగా అనలేదు. షెడ్డు సంగతులు అడిగినట్టే అంది.

నన్ను క్షమించు అనే మాట నోట్లోనే ఉంది. ఆ మాట ఆ నవ్వుకి సరిపోదు. ఏం చేయాలో తెలీక, లేచి, పిల్లాణ్ణి ఆవిడ చేతుల్లో పెట్టాను. ఆవిడ వాణ్ణి భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, నన్ను గుమ్మం దాకా సాగనంపింది.